ఆరోగ్య రచనల్లో ‘కొవ్వు’: పదం, అర్థం, అపార్థం

వ్యాససంగ్రహం

తెలుగు ఆరోగ్య రచనల్లో ‘కొవ్వు’ అనే ఒకే పదం మూడు వేర్వేరు విషయాలకు పేరుగా చెల్లుతోంది. ఆహారంలోని నూనె, నెయ్యి వంటి పదార్థాలు, శరీరంలో నిలవ ఉండే ధాతువు, రక్తపరీక్షలో కనిపించే కొలెస్ట్రాల్ అన్నీ కొవ్వే. పైగా ఈ పదానికి లోకవ్యవహారంలో మదం, పొగరు అనే అర్థం కూడా ఉంది. ఈ అర్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల ఆరోగ్య రచనల్లో పుడుతున్న అపార్థాలను, వాటివల్ల పాఠకులకు కలిగే నష్టాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొవ్వు, నెయ్యి, స్నేహం, సంతృప్త కొవ్వులు, కొలెస్ట్రాల్, వనస్పతి, పారిభాషిక పదాలు, ఆరోగ్య రచన.

1. ఉపోద్ఘాతం

పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ, దృశ్యమాధ్యమాల ప్రసంగాల్లోనూ తరచు కనిపించే సలహాల్లో ‘కొవ్వు తగ్గించుకోవాలి’ అన్నది ఒకటి. ఈ వాక్యంలో కర్మపదం ఏమిటో ఆలోచిస్తే చిక్కు తెలుస్తుంది. కంచంలో వేసుకునే నూనె, నెయ్యి తగ్గించుకోవాలా? నడుము చుట్టుకొలత తగ్గించుకోవాలా? రక్తపరీక్షలో వచ్చిన సంఖ్య తగ్గించుకోవాలా? రాసినవారి మనసులో ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండవచ్చు. చదివినవారికి మాత్రం మూడూ ఒకటే అనిపిస్తుంది. మొదటిది తగ్గిస్తే తక్కిన రెండూ వాటంతటవే తగ్గుతాయన్న నమ్మకం కలుగుతుంది. ఈ నమ్మకాన్ని కలిగించింది శాస్త్రం కాదు, పదం.

తెలుగులో వైజ్ఞానిక రచన మీద వచ్చే విమర్శ సాధారణంగా పారిభాషిక పదాల కాఠిన్యం గురించే ఉంటుంది. సంస్కృత సమాసాలు సామాన్యులకు అర్థం కావన్నది ఆ విమర్శ సారాంశం. ‘కొవ్వు’ విషయం దీనికి భిన్నమైనది. ఇది అచ్చతెలుగు మాట. అందరికీ తెలిసిన మాట. చిక్కంతా అది అందరికీ మరీ బాగా తెలిసిన మాట కావడంలోనే ఉంది.

2. తెలుగులో స్నిగ్ధ పదార్థాల పేర్లు

ఆధునిక పోషకాహార శాస్త్రం రాకముందు నువ్వుల నూనెను ఏ తెలుగువారూ కొవ్వు అని పిలవలేదు. నూనె నూనే, నెయ్యి నెయ్యే, వెన్న వెన్నే. పాలమీద తేలేది మీగడ. బండి ఇరుసుకు పూసేది కందెన. చేతికి అంటుకుని వదలనిది జిడ్డు. దీపంలో పోసేది చమురు. ప్రతిదానికీ దాని పని, దాని చోటు ఉన్నాయి. కొవ్వు మాత్రం జంతుశరీరంలో ఉండేది. ‘కొవ్వొత్తి’ అనే మాటలో ఆ మూలార్థం ఇప్పటికీ నిలిచి ఉంది. మైనంతో చేసిన దానిని కూడా కొవ్వొత్తి అనే అంటున్నారు.

ఈ పదార్థాలన్నిటినీ కలిపి చెప్పగల జాతిపదం ద్రావిడ భాషల్లో లేకపోలేదు. ‘నూనె’ అనే మాట నువ్వుకూ నెయ్యికీ కలయిక వల్ల ఏర్పడింది. తమిళంలోని ‘ఎణ్ణెయ్’ కూడా అటువంటిదే. ‘ఎళ్’ అంటే నువ్వులు, ‘నెయ్’ అంటే స్నిగ్ధ పదార్థం. అంటే ‘నెయ్’ అన్నది ఒకప్పుడు గింజనుంచి వచ్చినదానికీ, పాలనుంచి వచ్చినదానికీ ఉమ్మడి పేరుగా ఉండేది. తరవాత తెలుగులో అది పాలనుంచి వచ్చేదానికే పరిమితమైంది.

సంస్కృత వైద్యసంప్రదాయంలో ఈ ఉమ్మడి పేరు ‘స్నేహం’. చరకసంహిత ఘృతం, తైలం, వస, మజ్జ అని నాలుగు స్నేహాలను చెప్పింది. నెయ్యి, నూనె, మాంసంలోని కొవ్వు, ఎముకలోని మూలుగ వరసగా వాటికి తెలుగు పేర్లు. ఇవి బయటినుంచి శరీరానికి అందే ద్రవ్యాలు. శరీరంలో ఉండే కొవ్వుకు ఆ సంప్రదాయం ‘మేదస్సు’ అని వేరే పేరు పెట్టి, సప్తధాతువుల్లో నాలుగోదిగా లెక్కించింది. మేదస్సు అతిగా పెరిగిన స్థూలకాయాన్ని దోషంగా చెప్పినా, స్నేహద్రవ్యాలను ఆ కారణంగా దోషాలుగా చెప్పలేదు. ఆ సంప్రదాయపు సిద్ధాంతాలతో నేటి శాస్త్రానికి ఏకీభావం ఉన్నా లేకపోయినా, తినే స్నేహానికీ ఒంటిలోని మేదస్సుకూ రెండు పేర్లు ఉండాలన్న వివేకం అందులో ఉంది. ఆధునిక తెలుగు పోగొట్టుకున్నది ఈ వివేకాన్నే.

3. ‘కొవ్వు’లోని నైతికార్థం

‘ఒళ్ళు కొవ్వెక్కి మాట్లాడుతున్నాడు’, ‘కళ్ళకు కొవ్వు కమ్మింది’ వంటి మాటల్లో కొవ్వు అంటే గర్వం. పాత రూపమైన ‘క్రొవ్వు’కు కూడా మదించడం అనే అర్థం ఉంది. తమిళంలో ‘కొళుప్పు’, కన్నడంలో ‘కొబ్బు’ ఇదే అర్థంలో తిట్లుగా వాడుకలో ఉన్నాయి. తిండికి కొరత ఉన్న సమాజంలో బలిసిన శరీరం అధికారానికి గుర్తు. ఆ అధికారాన్ని సహించలేనివారి మాటలో కొవ్వు అహంకారమైంది. పదానికి అంటిన ఈ కోపం వెనక సామాజిక న్యాయం లేకపోలేదు.

నెయ్యిది దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న చరిత్ర. ‘నెయ్యము’ అంటే స్నేహం. ‘నేతిబీరకాయలో నెయ్యెంత’ అనే సామెతలో నెయ్యి ఆశించదగిన సారానికి ప్రతీక. ‘చేతిచమురు వదిలింది’ అంటే సొంత డబ్బు పోయిందని అర్థం. అక్కడ చమురు సంపద. రసాయనశాస్త్రం దృష్టిలో నెయ్యి, నూనె, కొవ్వు ఒకే వర్గానికి చెందినవి. భాష దృష్టిలో ఒకటి ప్రేమ, ఒకటి సంపద, ఒకటి పొగరు. ఈ మూడింటినీ ఒకే గొడుగు కిందకు తెచ్చేటప్పుడు ఏ పేరు ఎంచుకున్నా దానితోపాటు ఒక తీర్పు కూడా వస్తుంది.

4. పాఠ్యపుస్తకం చేసిన ఎంపిక

ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ జంతు స్నిగ్ధ పదార్థాల మీద తన పరిశోధన గ్రంథాన్ని 1823లో ప్రకటించాడు. అవి గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాల కలయికతో ఏర్పడతాయన్న అవగాహనకు ఆ పరిశోధన పునాది. పందికొవ్వూ ఆలివ్ నూనె ఒకే వర్గంలో చేరడానికి కారణం ఈ నిర్మాణ సామ్యం. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ వర్గానికి ‘కొవ్వు పదార్థాలు’ అని పేరు పెట్టాయి. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వు పదార్థాలు అన్న వరస బడి చదువు చదివిన ప్రతివారికీ కంఠస్థమే.

ఈ ఎంపికలో సౌలభ్యం ఉంది. పిల్లలకు పదం నోరు తిరుగుతుంది. కాని ఇదే వరసలోని ‘మాంసకృత్తులు’ అనే పదం కందిపప్పులో మాంసం ఎక్కడిదన్న సందేహాన్ని కలిగించి, విద్యార్థిని ఆగి ఆలోచించేలా చేస్తుంది. ఆ పదం కృతకమైనది. అందుకే అది పారిభాషిక పదమని గుర్తుండిపోతుంది. ‘కొవ్వు’ అలా ఆపదు. విద్యార్థి తనకు ముందే తెలిసిన ఒంటి కొవ్వును, పొగరును వెంటబెట్టుకునే పాఠంలోకి వస్తాడు. హిందీ ఇక్కడ భిన్నమైన దారి పట్టింది. వాడుకలోని ‘చర్బీ’ని పక్కన ఉంచి, పోషకానికి ‘వసా’ అనే సంస్కృత పదాన్ని స్థిరపరిచింది. ఆ పదం కొంత దూరంగా ఉంటుంది, కాని ఎవరినీ తిట్టదు.

5. మూడు అర్థాలు, మూడు వాస్తవాలు

తిన్న కొవ్వు నేరుగా ఒంటి కొవ్వవుతుంది, అదే రక్తనాళాల్లో పేరుకుంటుంది అన్న భావన చాలా ఆరోగ్య రచనలకు మూలచిత్రం. జిడ్డు పట్టి మూసుకుపోయిన తూము దీనికి ఎప్పుడూ చెప్పే ఉపమానం. ఈ ఉపమానం మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది, ఆహారంలోని కొవ్వు. పేగులో పైత్యరసం దానిని చిన్న బిందువులుగా విడగొడుతుంది. లైపేజ్ అనే ఎంజైమ్ దానిని జీర్ణం చేస్తుంది. దానితోపాటే ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పడతాయి. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను శరీరం తయారు చేసుకోలేదు, ఆహారం నుంచే అందుకోవాలి. కొన్ని కొవ్వు ఆమ్లాలు ఇలా ఆహారంలో తప్పనిసరి అని 1929లో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో నిరూపించారు. జీవకణపు పొర, మెదడు కణజాలం స్నిగ్ధ పదార్థాలు లేకుండా ఏర్పడవు.

రెండోది, ఒంటి కొవ్వు. ఇది అవసరానికి మించి చేరిన శక్తి నిలవ. గ్రాము కొవ్వు 9 కిలోక్యాలరీలు ఇస్తుంది. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 ఇస్తాయి. కాబట్టి నూనె అతిగా వాడితే శక్తి త్వరగా మించిపోతుందన్న మాట నిజం. కాని మించినది అన్నమైనా, చక్కెరైనా శరీరం కొవ్వుగానే దాచుకుంటుంది. కాలేయానికి కొవ్వు పట్టిందని వైద్యుడు చెప్పినప్పుడు ‘నేను నూనె ముట్టనే’ అని ఆశ్చర్యపోయేవారు ఉంటారు. చక్కెర, మద్యం కూడా ఆ స్థితికి దారి తీస్తాయన్న విషయం ‘కొవ్వు’ అనే పేరులో కనబడదు. మరోవైపు ఈ కణజాలం కేవలం గిడ్డంగి కూడా కాదు. ఆకలిని నియంత్రించే లెప్టిన్ అనే హార్మోన్ ఇక్కడే తయారవుతుందని 1994లో తెలిసింది.

మూడోది, రక్తంలోనిది. కొలెస్ట్రాల్‌లో అధికభాగాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది. అందులో కాలేయానిది ముఖ్యపాత్ర. పైత్య లవణాలు, కొన్ని హార్మోన్లు, విటమిన్ డి దాని నుంచే ఏర్పడతాయి. ధమనుల్లో జరిగేది తూము పూడిక వంటిది కాదు. ఎల్‌డీఎల్ కణాలు ధమని గోడలోపలికి చేరతాయి. రక్షక కణాలు వాటిని మింగుతాయి. అక్కడ వాపు పుడుతుంది. ఏళ్ళ తరబడి సాగే ఆ ప్రక్రియలో ఫలకం ఏర్పడుతుంది. పొగాకు, రక్తపోటు, మధుమేహం ఆ ప్రక్రియను వేగవంతం చేస్తాయి. తూము ఉపమానం విన్న పాఠకుడు నూనె మానేసి బీడీ మానకపోవడంలో వింత లేదు. బీడీ పొగ తూముకు అడ్డం పడదు కదా.

6. ‘సంతృప్తం’, ‘అసంతృప్తం’: తలకిందులైన సూచన

కొవ్వు ఆమ్లాల వర్గీకరణలో వాడే పదాల్లో మరో చిక్కు ఉంది. కార్బన్ గొలుసులో పట్టగలిగినన్ని హైడ్రోజన్ పరమాణువులు ఉంటే అది సంతృప్తం. ఖాళీ మిగిలి ద్విబంధాలు ఉంటే అసంతృప్తం. రసాయనశాస్త్రంలో ఇది నిర్దుష్టమైన పరిభాష. వాడుక తెలుగులో మాత్రం సంతృప్తి మంచిది, అసంతృప్తి చెడ్డది. ‘సంతృప్త కొవ్వులు గుండెకు హాని, అసంతృప్త కొవ్వులు మేలు’ అన్న వాక్యం సామాన్య పాఠకుడి భాషాస్పృహకు అడ్డం తిరుగుతుంది. పదాలు గుర్తున్నా ఏది ఏదో గుర్తుండదు. ఆరోగ్య విషయంలో ఈ తారుమారు చిన్నది కాదు. కొబ్బరినూనెలో ఎనభై శాతానికి పైగా, పామాయిల్‌లో సుమారు సగం సంతృప్తమే. వేరుశనగ, నువ్వుల నూనెల్లో అసంతృప్తానిది పెద్ద వాటా. సంతృప్త కొవ్వుల స్థానంలో బహుళ అసంతృప్త కొవ్వులు వాడితే ఎల్‌డీఎల్ తగ్గుతుందన్నది పోషకాహార శాస్త్రంలో బలంగా నిలిచిన నిర్ణయాల్లో ఒకటి. వాటి స్థానంలో మైదా, చక్కెర చేరితే ఆ ప్రయోజనం దక్కదు. ఈ రెండో వాక్యం చాలా వ్యాసాల్లో కనబడదు.

‘మంచి కొలెస్ట్రాల్’, ‘చెడు కొలెస్ట్రాల్’ అన్న జంట కూడా ఇటువంటిదే. కొలెస్ట్రాల్ అణువు ఒక్కటే. మారేది దానిని మోసే వాహనం. ఎల్‌డీఎల్ కాలేయం నుంచి కణజాలాలకు మోసుకుపోతుంది, హెచ్‌డీఎల్ వెనక్కు తెస్తుంది. ఇది తెలుగు రచనలకే పరిమితమైన దోషం కాదు. అయినా ‘కొవ్వు’కు ముందే ఉన్న నైతికార్థం వల్ల తెలుగులో మంచి చెడు అనే తీర్పు మరింత గట్టిగా అతుక్కుంటుంది. కొందరు ‘చెడు కొవ్వు’ అని రాసి కొలెస్ట్రాల్ పేరునే ఎత్తరు. అప్పుడు పాఠకుడు చెడుకొవ్వు ఏ డబ్బాలో ఉందా అని వంటింట్లో వెతుక్కుంటాడు.

7. వనస్పతి, ‘కొలెస్ట్రాల్ లేని’ నూనె

పదాల గందరగోళాన్ని అందరికంటే ముందు గుర్తించి వాడుకున్నది వ్యాపారం. నూనెలోకి హైడ్రోజన్‌ను పంపి గట్టిపరిచే విధానానికి విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు పొందాడు. 1937లో భారతదేశపు విపణిలోకి వచ్చిన డాల్డా కొద్ది కాలంలోనే ఆ జాతి పదార్థానికంతటికీ పేరైపోయింది. తెలుగు ఇళ్ళలో అది ‘డాల్డా నెయ్యి’ కూడా అయింది. ‘వనస్పతి’ అంటే చెట్టు. కార్ఖానాలో తయారైన పదార్థానికి వృక్షం పేరు, నెయ్యి గౌరవం రెండూ దక్కాయి. నేతిబీరకాయ సామెతకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. పాక్షికంగా హైడ్రోజన్ చేర్చినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయని తేలడానికి దశాబ్దాలు పట్టింది. నూనెలు, కొవ్వుల్లో వాటి పరిమితిని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో 3 శాతానికి, 2022లో 2 శాతానికి కుదించింది.

‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అన్న ప్రకటన మరో రకం చమత్కారం. కొలెస్ట్రాల్ జంతుసంబంధమైనది. గింజ నూనెల్లో చెప్పుకోదగినంత కొలెస్ట్రాల్ ఎప్పుడూ లేదు. లేనిదాన్ని లేదని చెప్పడం అబద్ధం కాదు. కాని కొలెస్ట్రాల్‌ను కొవ్వు అనడానికి అలవాటుపడిన పాఠకుడు దానిని ‘కొవ్వు లేని నూనె’ అని చదువుకుంటాడు. నూనె అంటేనే దాదాపు నూరు శాతం కొవ్వు అన్న విషయం మరుగునపడుతుంది. ఇంకో చెంచా ఎక్కువ పడుతుంది.

8. రెండు అతివాదాలు, ఒకే పదం

తెలుగునాట గత కొన్ని దశాబ్దాల్లో రెండు ఆహారవాదాలు విశేష ప్రచారం పొందాయి. మొదటిది నూనె చుక్క లేకుండా వండుకోవాలన్నది. రెండోది అన్నం మానేసి నూనె, నెయ్యి, వెన్నలనే ప్రధానాహారం చేసుకోవాలన్నది. వీటిలోని వైద్యపరమైన మంచిచెడ్డలు వైద్యులు తేల్చవలసినవి. వాటి వాదనాశైలి మాత్రం సాహిత్య విమర్శకు అందే విషయం.

మొదటి వాదంలో కొవ్వు విరోధి. కాని ఆ వంటల్లో రుచికోసం వేరుశనగ పప్పు, నువ్వులు, పచ్చికొబ్బరి ముద్దచేసి కలుపుతారు. వేరుశనగ గింజ, నువ్వుగింజల బరువులో దాదాపు సగం నూనే. సీసాలోంచి వచ్చినది కొవ్వు, గింజలోంచి వచ్చినది కాదు అన్న భ్రమ ఇక్కడ పనిచేస్తుంది. పోషకాహార నిపుణులు వాడే ‘కనిపించే కొవ్వు, కనిపించని కొవ్వు’ అన్న విభజన ఈ భ్రమను తీర్చగలదు. రెండో వాదంలో కొవ్వు విమోచకుడు. కొవ్వే కొవ్వును కరిగిస్తుందన్న విరోధాభాసం దానికి ఆకర్షణ. వినగానే వింతగా, పట్టుకునేలా ఉంటుంది. పదం ఒకటే కావడం వల్లనే ఆ చమత్కారం సాధ్యమైంది. తినే కొవ్వుకు, ఒంటి కొవ్వుకు వేరు పేర్లు ఉంటే అందులో అబ్బురం మిగలదు. కీటో ఆహారాన్ని 1921లో మొదట ప్రతిపాదించింది మూర్ఛవ్యాధి చికిత్సకు, వైద్యుల పర్యవేక్షణ కోసమన్న చరిత్ర ఆ చమత్కారం వెనక దాగిపోతుంది. రెండు వాదాలూ ఒకదానినొకటి ఖండించుకున్నా, వాటి కింద ఉన్న భాష ఒకటే. ఒకరు కొవ్వును దించాలంటారు, ఒకరు ఎక్కించాలంటారు. ఏ కొవ్వు, ఎంత, ఎవరికి అన్న ప్రశ్న ఇద్దరికీ అడ్డమే.

9. నష్టం ఎవరికి?

‘ఎవరికి’ అన్న ప్రశ్నే ఈ చర్చలో కీలకం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఐదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. అదే సర్వేలో ఈ రాష్ట్రాల మహిళల్లో కూడా దాదాపు ముగ్గురిలో ఒకరు అధిక బరువుతో ఉన్నారు. ఒకే వీధిలో, ఒక్కొక్కచోట ఒకే ఇంట్లో ఈ రెండు సమస్యలూ ఉన్నాయి. ఆరోగ్య రచన మాత్రం ఒక్క పాఠకుణ్ణే ఊహించుకుంటుంది. అతడు కూర్చుని పనిచేసే, నడివయసు, పట్టణవాసి. అతడికి చెప్పిన ‘కొవ్వు తగ్గించండి’ అన్న మాట సంపాదకీయ విచక్షణ లేకుండా అందరికీ చేరుతుంది.

తల్లిపాలు ఇచ్చే శక్తిలో సుమారు సగం కొవ్వునుంచే వస్తుంది. పాలు మాని అన్నం మొదలుపెట్టిన పసివాడి పొట్ట చిన్నది. గుప్పెడు ముద్దలో తగినంత శక్తి ఇమడాలంటే అందులో చెంచాడు నెయ్యో నూనో పడాలి. ఆకుకూరలోని కెరోటిన్ ఒంటికి పట్టడానికి కూడా కొంత స్నిగ్ధత కావాలి. విటమిన్ ఏ లోపం వల్ల పిల్లలకు చూపు పోవడాన్ని నివారించడానికి దేశంలో 1970లో ప్రత్యేక కార్యక్రమమే మొదలైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన దానికి ఆధారం. పప్పూ అన్నంలో నెయ్యి వేసి మొదటి ముద్ద పెట్టే అలవాటు ఉన్న ఇంట్లో, ఆరోగ్య శీర్షిక చదివి ‘కొవ్వు పిల్లాడికి మంచిది కాదు’ అని ఆ చెంచాడు నెయ్యి మానేస్తే నష్టపోయేది ఆ పసివాడే. అతడికి చదవడం రాదు, ఖండించడమూ రాదు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ‘కొవ్వు’ను పోషకానికి పారిభాషిక పదంగా స్వీకరించడం వల్ల ఆహారం, శరీరం, రక్తం అనే మూడు తావులు ఒకటిగా కనిపిస్తున్నాయి. పదంలోని నైతికార్థం శాస్త్రవిషయానికి తీర్పును అంటగడుతోంది.

2. బడి చదువులో స్థిరపడిన పదాన్ని ఇప్పుడు మార్చడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. తినేదానిని ‘నూనె, నెయ్యి’ అని పేరుపెట్టి చెప్పడం, శరీరంలోనిదానిని ‘ఒంటి కొవ్వు’ అనడం, రక్తంలోనిదానిని కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ అని విడిగా రాయడం చాలు. ఈ మాటలన్నీ పాఠకులకు తెలిసినవే.

3. ‘సంతృప్తం, అసంతృప్తం’ వాడినచోట ఆ నూనెల పేర్లు కూడా వెంటనే చెప్పాలి. పాఠకుడు కొనేది రసాయన వర్గాన్ని కాదు, నూనె సీసాను.

4. సలహా రాసేవారు అది ఎవరి కోసమో మొదటి వాక్యంలోనే చెప్పాలి. పిల్లలకు, గర్భిణులకు, బరువు తక్కువగా ఉన్నవారికి వర్తించని సలహాలో ఆ సంగతి స్పష్టంగా ఉండాలి.

5. పారిభాషిక పదాన్ని అంచనా వేసేటప్పుడు అది తేలికగా ఉందా, కఠినంగా ఉందా అన్నది ఒక్కటే ప్రమాణం కాకూడదు. అది తన వెంట ఏ పాత అర్థాలను తెస్తోందన్నది కూడా చూడాలి. కఠినమైన పదం దగ్గర పాఠకుడు ఆగి అడుగుతాడు. తెలిసిన పదం దగ్గర అడగడు. కాబట్టి తెలిసిన పదాన్ని వాడే రచయిత మీదే బాధ్యత ఎక్కువ.